హనుమకొండ స్టడీ హాళ్లు: నెల కిరాయికి దొరికేది కుర్చీనా, కుదురా?

నయీంనగర్ నుంచి కిషన్‌పుర దాకా ఏ గల్లీలోకి తిరిగినా మేడ మీద ఒక స్టడీ హాలు ఫ్లెక్సీ కనబడుతుంది: ఏసీ, వైఫై, 24 గంటలు, అమ్మాయిలకు వేరే హాలు. గ్రూప్స్‌కో డీఎస్సీకో కానిస్టేబుల్‌కో చదువుకోవడానికి ములుగు, పరకాల, నర్సంపేట, భూపాలపల్లి నుంచి వచ్చి ఒక్క గదిలో ముగ్గురు నలుగురు సర్దుకునే పిల్లలకు ఇవి సోకు కాదు, అవసరం. ఈ సమీక్ష ఏ ఒక్క హాలు గురించీ కాదు. పేర్లు వేరైనా అందరూ అమ్మేది దాదాపు ఒకటే: ప్లైవుడ్ అడ్డుగోడల మధ్య ఒక కుర్చీ, ఒక ప్లగ్గు, నెత్తి మీద ఎల్‌ఈడీ లైటు, మూలకు మంచినీళ్ల క్యాను, తలుపు దగ్గర హాజరు రిజిస్టరు. ఆ నెల ప్యాకేజీని తూకం వేసి చూద్దాం.

తూకం రాళ్లు మనస్తత్వ శాస్త్రానివి. మనిషిని పనిలో కూర్చోబెట్టేది ఏది, కుర్చీలోంచి లేపేది ఏది అని వందేళ్లకు పైగా ప్రయోగాలు జరిగాయి. చదవాలన్న కోరికను ఏ హాలూ ఇవ్వలేదు. ఆకలి, దాహం, ఉక్క, నిద్ర, ఒంటరితనం, ఫోను మనల్ని అటూ ఇటూ లాగుతుంటాయి కదా, ఆ లాగుడును తగ్గించగలిగితే చాలు, కిరాయి గిట్టినట్టే. ఆ లెక్కన ఈ ప్యాకేజీకి నేనిచ్చేది ఐదుకు మూడు. పోయిన రెండు మార్కులూ గాలి దగ్గర, జరిమానా దగ్గర పోయాయి.

1943లో క్లార్క్ హల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక సిద్ధాంతం రాశాడు. ఒంట్లో ఏదైనా లోటు ఏర్పడితే లోపల ఒక ఒత్తిడి పుడుతుంది, ఆ లోటు తీరేదాకా అది ప్రాణిని తరుముతూనే ఉంటుంది అని. అదే ఏడాది అబ్రహాం మాస్లో అవసరాల వరుస (కింద ఆకలి, దాహం, పైకి పోయేకొద్దీ భద్రత, తోడు, గౌరవం) గురించిన వ్యాసం ప్రచురించాడు. బీఈడీ చదివినవాళ్లందరికీ తెలిసిన ఆ పిరమిడ్ బొమ్మ ఆయన గీసింది కాదు. కింది అవసరం నూటికి నూరుపాళ్లు తీరాకే పైది మొదలవుతుందని కూడా ఆయన అనలేదు. ఈ మాట డీఎస్సీ వాళ్లకు పరీక్షలోనూ పనికొస్తుంది, హాలు ఎంచుకునేటప్పుడూ పనికొస్తుంది. అన్నీ సరిగ్గా కుదిరిన హాలు కోసం నెల రోజులు తిరగక్కర్లేదు. ఏ లోటు మిమ్మల్ని ఎక్కువగా కుర్చీలోంచి లేపుతోందో పట్టుకుని, అది తీర్చే హాలు చూసుకుంటే సరిపోతుంది.

మొదట గాలి. ఎందుకంటే అందరూ ఏసీకే డబ్బు కడతారు, అక్కడే మోసపోతారు. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది, కాబట్టి చల్లదనం కావాల్సిందే. కానీ గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే లాక్కుని చల్లబరిచి మళ్లీ గదిలోకే వదులుతుంది. చలువ బయటికి పోతుందని యజమానులు కిటికీలకు థర్మాకోల్ అతికిస్తారు, తలుపుకు స్ప్రింగు పెడతారు. నలభై మంది నాలుగు గంటలు వదిలిన ఊపిరి ఆ గదిలోనే తిరుగుతుంటుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు 420 దాకా ఉంటుంది. మూసిన గదిలో జనం నిండితే అది వెయ్యి దాటడానికి ఎంతోసేపు పట్టదు. తల బరువెక్కుతుంది, ఆవలింతలు వస్తాయి, చదివిన పేరానే మళ్లీ చదువుతుంటాం. "ఈమధ్య చదువు మీద మనసు పోతలేదు" అని ఆ పిల్లలు తమను తామే తిట్టుకుంటారు. చాలాసార్లు తప్పు మనసుది కాదు, కిటికీది.

చేరే ముందు ఇది చూసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. పొద్దున ఖాళీ హాలు చూపిస్తామంటే వద్దనండి. జనం నిండి ఉండే సాయంత్రం నాలుగింటికి వెళ్లి, బయట మెట్ల మీద రెండు నిమిషాలు నిలబడి, ఒక్కసారిగా లోపలికి అడుగుపెట్టండి. మొదటి ఊపిరిలోనే చెమట వాసన, ముక్కిన వాసన తగిలితే గాలి మారడం లేదని అర్థం. గాలిని బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను ఉందా, ఉంటే తిరుగుతోందా చూడండి. చాలాచోట్ల దాని రెక్కల మీద దుమ్ము అట్టకట్టి ఉంటుంది, అంటే నెలల నుంచి వేయలేదన్న మాట. ఆ ఫ్యాను ఒకవైపు ఉంటే ఎదురువైపు కిటికీ ఒక బెత్తెడు తెరిచి ఉండాలి, లేకుంటే లాగడానికి గాలే దొరకదు. ఉన్న హాల్లోనే కొనసాగాల్సి వస్తే రెండు గంటలకోసారి పది నిమిషాలు తలుపు, కిటికీలు తెరిచిపెట్టమని అడగండి. పది నిమిషాలకు పోయే చలువ కాసేపట్లో మళ్లీ వస్తుంది. ఏసీ 18 మీద పెట్టే చోట దాని ఎదురు సీటు తీసుకోవద్దు. అక్కడ కూర్చున్నవాళ్లు మధ్యాహ్నానికల్లా శాలువా కప్పుకుంటారు, కప్పుకుంటే కునుకు. 24 నుంచి 26 మధ్య పెట్టి సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా తిప్పితే అందరికీ సరిపోతుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు కూడా నడుస్తాయా, లైట్లేనా అన్నది అడగడం మరవద్దు. మెట్లు ఒక్కటే ఉండి, అవీ బూట్లతో, పాత కుర్చీలతో నిండి ఉంటే ఆ హాలు ఎంత చల్లగా ఉన్నా నా మటుకు నేను వద్దంటాను.

నీళ్ల గురించి ఒక మాట. క్యాను ఉందా లేదా అని అందరూ చూస్తారు, బాత్రూం చూడరు. బాత్రూం కంపు కొడితే, గొళ్లెం పడకపోతే అమ్మాయిలు నీళ్లు తాగడమే మానేస్తారు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా ఒక సీసా కూడా పూర్తి చేయరు. కొద్దిపాటి దప్పికకే తలనొప్పి వస్తుంది, ధ్యాస చెదురుతుంది. ఒక బాత్రూంకు ఎంతమంది, రోజుకు ఎన్నిసార్లు కడుగుతారు అని అడగడానికి సిగ్గుపడొద్దు. వైఫై వేగం కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇది.

నిద్ర దగ్గర చాలా హాళ్లు ఒకే తప్పు చేస్తాయి. "టేబుల్ మీద పడుకోరాదు" అని గోడకు కాగితం అంటిస్తాయి. నిద్రను రెండు శక్తులు నడుపుతాయని 1982లో అలెగ్జాండర్ బోర్బేలీ అనే శాస్త్రవేత్త వివరించాడు. మేలుకున్న ప్రతి గంటకూ పెరిగే ఒత్తిడి ఒకటి, ఒంట్లోని గడియారం రెండోది. ఆ గడియారం మధ్యాహ్నం ఒకటి నుంచి మూడు మధ్య కాస్త వాలుతుంది. తినకపోయినా వాలుతుంది. మెస్సులో అన్నం దిట్టంగా తింటే ఇంకా బరువుగా తెలుస్తుంది. ఆ వేళ మొండిగా పుస్తకం పట్టుకుంటే గంట పోతుంది, ఒక్క పేజీ కూడా నిలవదు. అదే పదిహేను, ఇరవై నిమిషాలు తల వాల్చి లేస్తే సాయంత్రం దాకా చురుకుగా ఉంటుంది. అరగంట దాటనివ్వొద్దు. దాటితే గాఢనిద్రలోకి జారతాం, లేచాక చాలాసేపు మబ్బుగా ఉంటుంది. ఫోను వైబ్రేషన్‌లో అలారం పెట్టి జేబులో వేసుకుంటే పక్కవాళ్లకూ ఇబ్బంది ఉండదు. ఈ ఇరవై నిమిషాలకు ఒప్పుకునే హాలు దొరికితే పది మెట్లు ఎక్కువైనా ఎక్కండి.

24 గంటల ప్యాకేజీకి అదనంగా కట్టడం దండగ. చదివింది మెదడులో స్థిరపడేది చాలావరకు నిద్రలోనే. రాత్రి రెండింటి దాకా కూర్చుని పొద్దుగాల ఏడింటికి లేచేవాళ్లు ఆ స్థిరపడే సమయానికే కోత పెట్టుకుంటున్నారు. రాత్రి చాయ్ దాన్ని సరిచేయదు. చాయ్‌లోని కెఫిన్ నిద్ర ఒత్తిడిని తీసేయదు, అది మెదడుకు తెలియకుండా కాసేపు అడ్డం పడుతుందంతే. సగం కెఫిన్ ఒంట్లోంచి పోవడానికి ఐదు గంటల దాకా పడుతుంది. ఆరింటికి తాగితే పదకొండింటికి పడుకునేటప్పుడు ఇంకా సగం మిగిలే ఉంటుంది. ఆఖరి చాయ్ నాలుగింటి లోపే ముగించాలి. గదిలో ఉన్న దోస్తులతో పొసగక రాత్రిపూట చదవక తప్పనివాళ్ల సంగతి వేరు, వాళ్లు మధ్యాహ్నం నిద్ర ఎక్కడ పోవాలో ముందే ఏర్పాటు చేసుకోవాలి.

తిండికి హాలు చేయాల్సింది చాలా చిన్న పని: డబ్బా తినడానికి వేరే చోటు, చేతులు కడుక్కునే కుళాయి. ఆ చోటు లేకపోతే రోజూ మధ్యాహ్నం రోడ్డెక్కాలి, రోడ్డెక్కితే గంటన్నర. సంచిలో కాసిని పుట్నాలో పల్లీలో, ఇంటి నుంచి తెచ్చుకున్న సర్వపిండి ముక్కో ఉంటే సాయంత్రం ఐదింటి ఆకలి మిమ్మల్ని చౌరస్తా మిర్చిబండి దాకా నడిపించదు.

ఇక సీటు. ప్లైవుడ్ అడ్డుగోడ ఎత్తు చూసే వాళ్లు తక్కువ, కానీ అది చాలా పెద్ద విషయం. పక్కన మనుషులుంటే మనం మారతాం. ఆ మార్పు ఎటు అన్నది 1965లో రాబర్ట్ జాయంక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తేల్చాడు. బాగా అలవాటైన పని నలుగురి మధ్య వేగంగా సాగుతుంది, కొత్తది, చిక్కుది కుంటుతుంది. ఆయనా తోటివాళ్లూ 1969లో దీన్ని బొద్దింకల మీద కూడా చూశారు. తిన్నని దారిలో పరుగెత్తే బొద్దింకలు, చుట్టూ మిగతా బొద్దింకలు చూస్తుండగా ఇంకా వేగంగా వెళ్లాయి. మలుపులున్న దారిలో పెడితే నెమ్మదించాయి. మనకు దీంట్లో పనికొచ్చేది సూటిగా ఉంది. పాత బిట్లు, కరెంట్ అఫైర్స్ మళ్లీ చూసుకోవడం, వేగం పెంచే అంకగణితం, ఇవి నిండు హాల్లో చేయండి. మొదటిసారి చదివే అర్థశాస్త్రం అధ్యాయమో, ఎప్పుడూ అర్థం కాని రీజనింగ్ రకమో అయితే హాలు ఖాళీగా ఉండే పొద్దుటి వేళకో మూల సీటుకో పెట్టుకోండి. అడ్డుగోడ కూర్చున్న మనిషి తలను దాటి ఒక జానెడు ఉంటే నయం. పక్కవాళ్లు ఉన్నారని తెలుస్తుంది, వాళ్ల పేజీలు మాత్రం కనబడవు. భుజం దాకే ఉండే గోడలు ఎదుటివాడు ఎన్ని పేజీలు తిప్పాడో లెక్కపెట్టే పనికి తప్ప దేనికీ పనికిరావు.

పక్కన నలుగురు ఉండటం హాళ్లు ఇచ్చే నిజమైన విలువ. ఈ ఊరికి అది కొత్తేమీ కాదు. హనుమకొండలో శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1904లోనే పెట్టారు, జనం ఒక్కచోట కూర్చుని పేపరో పుస్తకమో చదవడం అప్పటి నుంచీ ఉంది. సర్కారు గ్రంథాలయంలో ఇప్పటికీ పైసా కట్టకుండా ఆ తోడు దొరుకుతుంది. సీటు దొరకడం, సమయానికి తెరవడం మీకు కుదిరితే నెల కిరాయి మిగుల్చుకోండి.

జరిమానా, బహుమతి, ర్యాంకు బోర్డు. ఈ మూడింటి మీద హాళ్ల యజమానులకు మంచి ఉద్దేశమే ఉంటుంది, పిల్లలు క్రమంగా రావాలని. ఫలితం మాత్రం ఎదురు తిరుగుతుంది. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో చంటిపిల్లల కేంద్రాలు పది తీసుకుని యూరీ నీజీ, ఆల్డో రుస్తికీనీ ఒక ప్రయోగం చేశారు, 2000లో అచ్చయింది. సాయంత్రం పిల్లలను తీసుకెళ్లడానికి పది నిమిషాలకు మించి ఆలస్యమయ్యే తల్లిదండ్రులకు ఆరు కేంద్రాల్లో జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు, దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు "పాపం టీచరమ్మ ఎదురుచూస్తుంది" అన్న మొహమాటం ఉండేది. జరిమానా వచ్చాక అది ధర అయింది, ధర కట్టాక మొహమాటం ఎందుకు? జరిమానా తీసేశాక కూడా పాత మొహమాటం తిరిగి రాలేదు. మన హాళ్లలో లేటుకు ఇరవై రూపాయలు అన్నచోట జరిగేది ఇదే. ఇరవై కట్టినవాడు హాయిగా పదింటికి వస్తాడు.

బహుమతిదీ అదే దారి. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ స్టాన్‌ఫర్డ్‌లోని నర్సరీ బడిలో, బొమ్మలు వేయడం ఇష్టమున్న పిల్లలను తీసుకున్నారు. కొందరికి బొమ్మ వేస్తే రిబ్బన్ కట్టిన ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. తర్వాత ఒకటి రెండు వారాలకు చూస్తే, ఆ పిల్లలు తమంతట తాముగా బొమ్మలు వేసే సమయం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. ముందు చెప్పకుండా హఠాత్తుగా ఇచ్చినవాళ్లలో ఆ నష్టం లేదు. అందుకే "నెలంతా హాజరైతే స్టీలు బాటిల్" అన్న పథకం చూసి చేరొద్దు. ఎలాగూ ఇష్టంగా చదివే పిల్లకు అది కీడే చేస్తుంది.

రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ దీన్ని ఇంకా లోతుగా చూశారు. తినడం, నిద్రపోవడం లాగే మనసుకూ మూడు కనీస అవసరాలున్నాయన్నారు. నా పని నేనే ఎంచుకున్నాను అన్న భావన, నాకు చేతనవుతోంది అన్న నమ్మకం, నావాళ్లు కొందరున్నారు అన్న ఊరట. ర్యాంకు బోర్డు మొదటి పదిమందికి రెండోది ఇస్తుంది, మిగతా డెబ్బై మంది దగ్గర అదే రెండోదాన్ని లాక్కుంటుంది. వారం వారం ఆ బోర్డులో అడుగున పేరు చూసుకున్నవాళ్లు మాక్ టెస్టు రోజునే హాలుకు రావడం మానేస్తారు. బోర్డు బదులు జవాబు పత్రం చేతికిచ్చి, ఏ అధ్యాయంలో ఎన్ని పోయాయో చెప్పే హాలు నాణ్యమైనది. పాలిటీలో 25కు 11, అందులో తప్పులన్నీ రాజ్యాంగ సవరణల దగ్గరే అని తెలిస్తే రేపు ఏం చేయాలో తెలుస్తుంది. 63వ ర్యాంకు అన్న అంకె ఆ దారి చూపదు.

ఫోను లాకర్లు పెట్టే హాళ్లకు మాత్రం మనస్ఫూర్తిగా మార్కులు వేస్తాను. మీట పొడిస్తే గింజ పడే పెట్టెలో పావురాలను ఉంచి స్కిన్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ప్రయోగాలు చేశాడు. ఎన్ని పొడుపులకు గింజ పడుతుందో తెలియని పావురమే అందరికన్నా మొండిగా పొడుస్తూ ఉంటుంది. వాట్సాప్ తెరిచిన ప్రతిసారీ కొత్త ముచ్చట ఉండదు, అప్పుడప్పుడు ఉంటుంది, అందుకే చేయి ఆగదు. ఫోను పక్క గదిలో పెట్టినవాళ్లు బల్ల మీద పెట్టుకున్నవాళ్ల కన్నా మెరుగ్గా చేశారని 2017లో టెక్సస్ పరిశోధకులు చూపారు. తర్వాతి ప్రయోగాలన్నింటిలో అంత తేడా రాలేదు. అయినా లాకర్ మంచిదే, ఎందుకంటే చూడాలనిపించడానికీ చూడటానికీ మధ్య పది అడుగులు పెడుతుంది. తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. నిర్వాహకుడు గుంజుకుని సాయంత్రం ఇచ్చే పద్ధతి నా పని నేనే ఎంచుకున్నాను అన్న భావనను దెబ్బతీస్తుంది, పైగా ఇంట్లో ముసలివాళ్లున్న పిల్లకు మనసంతా అక్కడే ఉంటుంది.

హాలు ఎంత మంచిదైనా కూర్చున్నాక మొదటి పది నిమిషాలు ఏం చేయాలో తోచకపోతే పని మొదలవదు. దీనికి పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన చిట్కా అన్నింటికన్నా చవక. 94 అధ్యయనాలను కలిపి చూసినా నిలబడింది. ఫలానాది జరగగానే ఫలానాది చేస్తా అని ముందే ఒక కాగితం మీద రాసుకోవాలి. "బాగా చదవాలి" అని రాస్తే లాభం లేదు. "డబ్బా కడిగి సీట్లో కూర్చోగానే కాకతీయుల పాలన నుంచి 25 బిట్లు చేస్తా" అని రాసి, రాత్రి ఇంటికి పోయే ముందే అడ్డుగోడకు అంటించి వెళ్లాలి. గుర్తు కళ్లకు ఆనేదై ఉండాలి: డబ్బా, గంట మోత, చాయ్ కప్పు. "రెండింటికి" అని రాస్తే రెండు దాటిన సంగతి రెండున్నరకు తెలుస్తుంది.

సిలబస్ పట్టిక గోడకు పెట్టుకునేవాళ్లు ఇప్పటికే వచ్చిన అధ్యాయాలకు మొదటి రోజే టిక్కులు పెట్టండి. ఒక కార్ల వాషింగ్ కేంద్రంలో, వచ్చిన ప్రతిసారీ కార్డు మీద ఒక ముద్ర వేసి, గడులన్నీ నిండితే ఒక వాష్ ఉచితంగా ఇచ్చే పథకం పెట్టారు. కొందరికి ఎనిమిది ముద్రల కార్డు, కొందరికి పది ముద్రలది రెండు ముందే వేసి ఇచ్చారు. ఇద్దరికీ కావాల్సింది ఎనిమిదే. ఎనిమిది గడుల కార్డు పూర్తి చేసినవాళ్లు 19 శాతం, రెండు ముందే పడ్డవాళ్లు 34 శాతం. గమ్యం దగ్గరపడేకొద్దీ కాళ్లు వేగంగా పడతాయని హల్ 1932లోనే ఎలుకల పరుగులో చూపించాడు.

డబ్బు కట్టే తీరు చివరి సంగతి. ఆరు నెలలకు ఒక్కసారి కడితే ఒక నెల ఉచితం అంటారు, "అంత కట్టాక ఎలాగైనా వస్తాం" అని మనమూ అనుకుంటాం. వ్యాయామశాలల్లో ఇదే పరిశీలించిన జాన్ గూర్విల్, దిలీప్ సోమన్ 1998లో రాసింది వేరు. ఏడాదికి రెండుసార్లు కట్టేవాళ్లు కట్టిన కొత్తలో బాగా వచ్చారు, నెలలు గడిచేకొద్దీ తగ్గారు, మళ్లీ కట్టే నెలలో పెరిగారు. ఇచ్చిన డబ్బు నొప్పి పాతబడిపోతుంది. కాబట్టి ఉచిత నెల వదులుకుని నెలనెలా కట్టండి, రసీదు తీసుకోండి. చేరే ముందు ఒక రోజు డెమో అడగండి. చాలామంది ఇస్తారు. ఆ రోజు పొద్దున వెళ్లి ఉత్సాహంగా గంట చదివి రావడం కాదు, మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి ఐదున్నర దాకా కూర్చోవాలి. ఆ నాలుగు గంటల్లో ఎన్నిసార్లు లేచారో, ప్రతిసారీ దేనికోసం లేచారో నోట్‌బుక్ చివరి పేజీలో ఒక్కో మాట రాసుకోండి: నీళ్లు, ఉక్క, ఫోను, నిద్ర, మాటలు. ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో అది ఆ హాలు తీర్చగలదా అన్నది యజమానిని అడిగి, ఆ తర్వాతే సీటు నంబరు రాయించుకోండి.